పాలసీకి సెలవు చీటీ

ముందుగా తెలియజేసి, కాగితం మీద రాసి, ఆ కాగితపు నకలు మీద అందినట్లు ముద్ర వేయించుకున్న మనిషికి ఏ కార్యాలయమూ అన్యాయం చేయలేదని బిలాస్‌పూర్ రైల్వే కాలనీ తెలుగు కుటుంబాలలో ఒక గట్టి అభిప్రాయం ఉంది. దాన్ని ఎవరూ వాదించి నిరూపించలేదు. నిరూపించవలసిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు. పలాస, టెక్కలి, బొబ్బిలి ప్రాంతాల నుంచి వచ్చి, మూడు తరాలుగా ఇక్కడి షెడ్డుల్లోనూ యార్డుల్లోనూ కార్యాలయాల్లోనూ పని చేసిన ఆ కుటుంబాలకు అది అనుభవం ఇచ్చిన నమ్మకం. అనుభవం ఇచ్చిన నమ్మకంతో ఒక చిక్కు ఉంది. అది ఏ గడప లోపల పుట్టిందో ఆ గడప బయట కూడా చెల్లుతుందనిపిస్తుంది.

శంకరరావుకు ఆ నమ్మకం తండ్రి నుంచి వచ్చింది. తండ్రి జగన్నాథం రైల్వే పర్సనల్ బ్రాంచిలో హెడ్ క్లర్కుగా రిటైరయ్యాడు. ఉద్యోగుల సెలవులు, బదిలీలు, పింఛనుకు లెక్కకు వచ్చే సర్వీసు, ఇవన్నీ ముప్పయ్యేళ్ళపాటు ఆయన చేతి మీదుగా నడిచాయి. ఆయన లోకంలో మనిషి లేకపోవడమనే స్థితి లేదు. లేకపోవడంలో రకాలు మాత్రమే ఉన్నాయి. జీతం ఉన్న సెలవు, సగం జీతం సెలవు, జీతం లేని సెలవు, డెప్యుటేషన్. డ్యూటీలో కనిపించని మనిషి కూడా రిజిస్టరులో ఏదో ఒక గడిలో కూర్చుని ఉంటాడు. వేరే సంస్థకు వెళ్ళినవాడికి తన పాత పోస్టు మీద హక్కు అలాగే నిలిచి ఉంటుంది. దాన్ని వాళ్ళు లీన్ అంటారు. వెళ్ళినవాడు వచ్చి, వచ్చానని ఒక కాగితం ఇస్తే, మధ్యకాలం ముడుచుకుపోయి రెండు కొసలూ కలుస్తాయి.

ఒకసారి షెడ్డులో పనిచేసే ఖలాసీ ఒకడు పదకొండు నెలలు కనిపించకుండా పోయి తిరిగి వచ్చాడు. సర్వీసు తెగిపోయిందని, పాత ఏళ్ళు పింఛనుకు లెక్కకు రావని పైవాళ్ళు అన్నారు. జగన్నాథం అతని చేత దరఖాస్తు రాయించి, నియమం వెతికి, నోట్ పెట్టాడు. ఆ విరామాన్ని మన్నిస్తున్నట్లు, వాళ్ళ మాటల్లో కండోన్ చేస్తున్నట్లు, అధికారి ఒకాయన సంతకం చేశాడు. పోయిన పదకొండు నెలలు ఆ సంతకంతో పోనట్లే అయ్యాయి. కాలేజీలో చదువుతున్న శంకరరావు ఆ కథను భోజనాల దగ్గర చాలాసార్లు విన్నాడు. జరిగిపోయిన కాలాన్ని కూడా తగిన అధికారి తగిన కాగితం మీద బాగు చేయగలడన్నది అతనికి అలా, వేదాంతంగా కాదు, ఆఫీసు సంగతిగా ఒంటబట్టింది.

అతనికి మాత్రం రైల్వే ఉద్యోగం దొరకలేదు. పట్టాల కింద కంకరను దట్టించి దారిని సరిచేసే పెద్ద యంత్రాలను నడిపే ఒక ప్రైవేటు కంపెనీలో మెకానిక్‌గా చేరి, ఇరవై ఐదేళ్ళలో సూపర్‌వైజర్ అయ్యాడు. పని పట్టాల మీదే కానీ, నెల చివర జీతం వేరే గుమ్మం నుంచి వచ్చేది. రైల్వే ఆసుపత్రి కార్డు తండ్రితోనే ఆగిపోయింది. తండ్రి పోయాక క్వార్టరు వాసన వదిలించుకుని, అర్పా నది అవతల సర్కండాలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు.

అతని భార్య ఊర్మిళ కూడా ఈ ఊరి పిల్లే, తోర్వాలో పుట్టి పెరిగింది. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం ఆమె గుండెలో ఒక కవాటాన్ని బిగదీసి పోయింది. ఆ సంగతి కూతురు శ్రీనిధి కడుపులో ఉన్నప్పుడు బయటపడింది. మందులతో నెట్టుకు రావచ్చు గాని, ఎప్పటికో ఒకప్పటికి కవాటం మార్చవలసి వస్తుందని డాక్టర్లు అప్పుడే చెప్పారు. అందుకే, ఆలస్యంగానైనా, 2018 జూన్‌లో శంకరరావు తన పేరున, ఊర్మిళ పేరున కలిపి ఆరోగ్య బీమా తీసుకున్నాడు. ఏజెంటు నాగేంద్ర అతని బాల్య స్నేహితుడు, గూడ్స్ గార్డు కొడుకు. జబ్బు దాచవద్దని శంకరరావు అన్నాడు, నాగేంద్ర ఉన్నదున్నట్లు ఫారంలో రాశాడు. బీమా కంపెనీ ఒక షరతు పెట్టింది. ముందునుంచీ ఉన్న ఈ జబ్బుకు నాలుగేళ్ళ వరకు ఖర్చు ఇవ్వరు. ఏటా విడవకుండా కట్టుకుంటూ వస్తే, నాలుగేళ్ళు నిండాక ఇస్తారు.

శంకరరావు దీన్ని ప్రొబేషన్ అనుకున్నాడు. ప్రొబేషన్‌లో ఉన్నవాడు గడువు పూర్తి చేస్తే పర్మనెంట్ అవుతాడు. అయ్యాక ఎక్కడికి వెళ్ళివచ్చినా పర్మనెంటే. ఆ పోలిక అతనికి ఎంత సహజంగా తోచిందంటే, అది పోలిక అనే గుర్తింపు కూడా అతనికి కలగలేదు.

2021 చివర అతను పనిచేసే యంత్రాల కంపెనీ అతన్ని టాంజానియా పంపింది. అక్కడ కొత్తగా బాగు చేస్తున్న రైలు దారి మీద ఈ యంత్రాలు నడపడం స్థానికులకు నేర్పాలి. ఇరవై రెండు నెలల పని, భార్యను తీసుకెళ్ళవచ్చు, అక్కడున్నంత కాలం ఇద్దరి వైద్యమూ కంపెనీదే. శ్రీనిధికి అప్పటికే పెళ్ళయి నాగ్‌పూర్‌లో బ్యాంకు ఉద్యోగం చేసుకుంటోంది. ఇంటికి తాళం పెట్టి వెళ్ళడానికి ఏ అడ్డూ లేదు.

బయలుదేరే ముందు అతను పాలసీ పుస్తకం ఆసాంతం చదివాడు. వైద్యం భారతదేశంలో జరిగితేనే డబ్బు వస్తుందని అందులో ఉంది. అయితే దేశంలో లేని కాలానికి బీమా నడపడం అతనికి తప్పుగా తోచింది. ఖర్చుకు వెనకాడి కాదు, ఆ సొమ్ము అతనికి భారం కాదు. డ్యూటీకి రాని రోజుకు హాజరు వేయించుకోవడం దొంగతనమని తండ్రి చెప్పేవాడు. లేని చోట ఉన్నట్టు పేరు నడిపించుకోవడం అలాంటిదే అనిపించింది. అందువల్ల బీమా కంపెనీకి ఒక లేఖ రాశాడు. ఉద్యోగరీత్యా విదేశం వెళ్తున్నందున 2022 జూన్ నాటికి నాలుగేళ్ళు పూర్తి చేసుకునే తన పాలసీని, తిరిగి వచ్చేవరకు అబేయన్స్‌లో, అంటే రద్దు చేయకుండా నిలిపి, ఉంచవలసిందని, వచ్చిన వెంటనే మళ్ళీ కొనసాగిస్తానని అందులో విన్నవించుకున్నాడు. వీసా నకలు జత చేశాడు. లింక్ రోడ్డులోని శాఖకు స్వయంగా వెళ్ళి ఇచ్చాడు. కౌంటర్లో ఉన్నతను పై రెండు వరుసలు చూసి, నకలు మీద ముద్ర వేసి, తేదీ రాసి, పొడి సంతకం పెట్టి ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం బుధవారీ బజార్ టీ దుకాణం దగ్గర నాగేంద్ర కలిశాడు.

"ఏటి బావా, జూన్‌లో రెన్యువల్ వస్తాది గదా. అక్కణ్ణించి కట్టీగలవా?"

"కట్టక్కర్లేదురా. అబేయన్స్‌లో ఉంచమని రాసిచ్చీసాను."

"అలాటిదొకటి ఉంటాదేటి?"

"ఉంటే గదా తీసుకున్నారు. ఇదిగో, ముద్ర ఏసేరు."

నాగేంద్ర నకలు చేతిలోకి తీసుకుని ముద్ర వైపు, తేదీ వైపు చూశాడు. అతను ఏజెంటు. ఆ వ్యాపారంలో పన్నెండేళ్ళుగా ఉన్నవాడు. కానీ అంతకు ముందు అతను రైల్వే గార్డు కొడుకు.

"అచ్ఛా, ముద్ర కూడా ఏసీసేరా?" అన్నాడు. "అయితే మరేటి భయం. సుబ్బరంగా ఎళ్ళిరా బావా. సింహాలకి నా దండాలు చెప్పు."

టాంజానియాలో వాళ్ళకు కష్టమేమీ కలగలేదు. ఊర్మిళ అక్కడి ఎర్రమట్టి పెరట్లో గోంగూర వేసింది. పక్కింటి ఆడవాళ్ళతో వాళ్ళ మాటల్లోనే బేరాలు ఆడటం నేర్చింది. గుండె కూడా బుద్ధిగా నడుచుకుంది. 2022 జూన్ వచ్చి వెళ్ళింది. గడువు దాటాక ఇచ్చే ముప్పై రోజులూ వెళ్ళిపోయాయి. బీమా కంపెనీ గుర్తు చేస్తూ పంపిన సందేశాలు సర్కండా ఇంటి బీరువాలోని పాత సిమ్‌కు వచ్చి ఉండాలి. ఆ సిమ్ అప్పటికే రీచార్జి లేక చచ్చిపోయింది.

2023 నవంబరులో తిరిగి వచ్చిన నాలుగో రోజున శంకరరావు శుభ్రమైన చొక్కా వేసుకుని లింక్ రోడ్డు శాఖకు వెళ్ళాడు. చేతిలో ఒక కాగితం ఉంది. తాను ఫలానా తేదీన స్వదేశానికి చేరానని, పాలసీని పునఃప్రారంభించవలసిందని కోరుతూ రాసిన కాగితం అది. సెలవు నుంచి వచ్చిన రైల్వే ఉద్యోగి ఇచ్చే జాయినింగ్ రిపోర్టుకు దానికి తేడా లేదు.

కౌంటర్లో ఈసారి ఒక అమ్మాయి ఉంది. కాగితం చదివింది, నంబరు కొట్టి చూసింది, మళ్ళీ కొట్టి చూసింది.

"అంకుల్ జీ, యే తో లాప్స్ హై," అంది. ఏడాదిన్నర కిందటే పాలసీ చెల్లకుండా పోయింది.

శంకరరావు నకలు తీసి బల్ల మీద పెట్టాడు. ఆ అమ్మాయి ముద్రను పరిశీలనగా చూసింది. ముద్ర మా శాఖదేనని ఒప్పుకుంది. ఆ సంతకం చేసినతను ఎప్పుడో మానేసి వెళ్ళిపోయాడని చెప్పింది. లేఖ ఏ ఫైల్లోకి వెళ్ళిందో తెలియదని, కానీ ఎక్కడికి వెళ్ళినా ఒకటేనని, పాలసీని నిలిపి ఉంచే ఏర్పాటు తమ దగ్గర లేనే లేదని, ఒకింత సిగ్గుపడుతూనే వివరించింది. కొత్తగా తీసుకోవచ్చు. తీసుకుంటే మళ్ళీ మొదటి రోజు నుంచి లెక్క.

"మరి ఆ నాలుగేళ్ళు?" అన్నాడు శంకరరావు హిందీలో.

ఆమెకు ప్రశ్న అర్థం కాలేదు. ఆ నాలుగేళ్ళు అయిపోయాయి కదా అన్నట్లు చూసింది.

ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. శంకరరావు అనుకున్న కాలమూ, కంపెనీ అనుకున్న కాలమూ ఒకటి కావు. మొదటిది గోడ వంటిది. కట్టినంత వరకు నిలుస్తుంది, మేస్త్రీ నాలుగు రోజులు రాకపోయినా పడిపోదు. రెండోది దీపం వంటిది; నాలుగేళ్ళు వెలిగిన దీపమూ నిన్న వెలిగించిన దీపమూ ఆరిపోయాక ఒకే రకపు చీకటి ఇస్తాయి. ఏ ఒప్పందం ఏ కాలంలో రాసి ఉందో ఒప్పందం పైన రాసి ఉండదు. మనిషి తనకు అలవాటైన కాలంలోనే దాన్ని చదువుకుంటాడు. పుస్తకం ఆసాంతం చదివినా తప్పు చదవడం అలాగే సాధ్యమవుతుంది.

ఆ రాత్రి శ్రీనిధికి ఫోన్‌లో చెప్పాడు.

"నాన్నా, ఆటో-డెబిట్ పెట్టేస్తే అయిపోయేది కదా. ఇత్‌నా సింపుల్ థా!"

"వాళ్ళు ముద్ర ఏసేరమ్మా."

"ముద్రేటి నాన్నా? కొరియర్ వస్తే మా వాచ్‌మన్ కూడా వేస్తాడు ముద్ర. మతలబ్ కాగితం వచ్చింది అని. ఒప్పుకున్నాం అని కాదు."

ఆ మాట అతనికి కోపం తెప్పించలేదు. యాభై మూడేళ్ళ వయసులో, తండ్రి చెప్పినది కాక కూతురు చెప్పినది నిజమని తెలియడం కోపం కన్న లోతుగా దిగుతుంది. ఫోన్ పెట్టేసి, నకలును పారదర్శకపు కవరులో దాచి, ఫిర్యాదు రాయడానికి కూర్చున్నాడు. అతనికి తెలిసిన పని అదొక్కటే.

కంపెనీ ఫిర్యాదుల విభాగం మూడు వారాల్లో జవాబిచ్చింది. మర్యాదగా, క్షుణ్ణంగా కాదన్నది. అతను ఆ పైన, బీమా తగవులు తీర్చే అంబుడ్స్‌మన్‌కు రాశాడు. విచారణ ఏప్రిల్‌కు పడింది.

ఈ లోపల మార్చిలో ఒక ఉదయం, నాగ్‌పూర్ వెళ్ళడానికి స్టేషనుకు వచ్చినప్పుడు, కాలి వంతెన మెట్ల మధ్యలో ఊర్మిళ కూర్చుండిపోయింది. జనం ఆమెను తప్పుకుని దిగుతున్నారు, ఎక్కుతున్నారు. ఆమె పెదవులు నేరేడుపండు రంగుకు తిరిగాయి.

"ఏటైంది? ఏటవుతోంది?"

"ఏటీ కాలేదు. మెట్లు పెంచీసేరు ఈ రైల్వేవాళ్ళు," అంది ఊర్మిళ, మాటకీ మాటకీ మధ్య గాలి వెతుక్కుంటూ. "రెండేళ్ళ కిందట ఇన్ని లేవు."

ఆ రోజు రైలు ఎక్కలేదు. మరునాడు రాయ్‌పూర్‌లో గుండె డాక్టరు పరీక్షలన్నీ చూసి, కవాటం గట్టిపడిపోయిందని, బుడగతో తెరవడానికి లొంగదని, మార్చవలసిందేనని చెప్పాడు. ఆరు నెలల్లో చేయిస్తే మంచిది, ఏడాది దాటనివ్వకూడదు. బీమా ఉందా అని అడిగాడు. శంకరరావు ఉందని అనలేదు, లేదని అనలేదు. విచారణలో ఉందన్నాడు.

విచారణ వీడియోలో జరిగింది. శంకరరావు ముందు గదిలో కుర్చీ వేసుకుని, ఫోన్‌ను నీళ్ళ చెంబుకు ఆనించి, కాగితాలు వరస ప్రకారం పేర్చుకుని కూర్చున్నాడు. ఊర్మిళ తెర పక్కన, కనిపించకుండా నిలబడింది. తెర మీద ఒక గడిలో పెద్దవయసు అధికారి, మరో గడిలో కంపెనీ తరఫు యువకుడు. అధికారి ఓపికగా విన్నాడు. నకలును కెమెరాకు దగ్గరగా చూపించమని అడిగి, కళ్ళద్దాలు తీసి మరీ చూశాడు. ఈ ఉత్తరానికి రెండేళ్ళపాటు జవాబివ్వకపోవడం మీ లోపం కాదా అని కంపెనీ యువకుణ్ణి నిలదీశాడు. లోపమేనని యువకుడు వెంటనే ఒప్పుకున్నాడు. ఆ తరువాత, సాయపడాలని చెప్పినట్లే, మరో మాట చెప్పాడు. ఈయన యథాప్రకారం కట్టి ఉంటే, విదేశంలో ఉన్న కాలానికి పాస్‌పోర్టు చూపించి తరువాతి ఏడాది ప్రీమియంలో తగ్గింపు అడిగే వీలు తమ పాలసీలోనే ఉంది. లేనప్పుడు కట్టడం తప్పు కాదు, కట్టాలనే దాని ఉద్దేశం.

అధికారి తల పంకించాడు. జవాబివ్వని తప్పు కంపెనీదేనని రాస్తానన్నాడు. కానీ ప్రీమియం అందని చోట పాలసీ లేదు, లేని పాలసీని పునరుద్ధరించమని తాను ఆదేశించలేనని అన్నాడు. ఇంకేమైనా చెప్పుకోవాలా అని అడిగాడు.

శంకరరావు లేచి నిలబడ్డాడు. నిలబడగానే తెర మీద అతని చొక్కా గుండీలు మాత్రమే కనిపించాయి.

"సర్, మధ్యలో వచ్చిన ఈ బ్రేక్‌ను కండోన్ చేసే అధికారం ఎవరికుంది? ఆ అధికారి పేరు చెప్తే దరఖాస్తు పెట్టుకుంటాను."

అధికారి కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. ఆయన కూడా ప్రభుత్వ సర్వీసులో పండినవాడే కావచ్చు. ప్రశ్న ఎక్కడి నుంచి వచ్చిందో ఆయనకు తెలిసినట్లే ఉంది.

"శంకరరావు గారూ," అన్నాడు హిందీలో, మెల్లగా, "అలాంటి అధికారి లేరు."

ఫోన్ ఆరిపోయాక ఊర్మిళ చెంబులోని నీళ్ళు తాగేసింది.

"పాపం, మంచాయనే," అంది. "మన తప్పు లేదన్నాడు, వాళ్ళ తప్పుందన్నాడు. అన్నీ మనవైపే చెప్పి ఖాళీ చేతుల్తో పంపించీసేడు."

ఎవరి మీదా కోపం నిలవకపోవడం ఆ రోజుల్లో శంకరరావును ఎక్కువగా బాధించింది. ఎవడైనా దగా చేసి ఉంటే పోరాడటానికి ఒక ముఖం దొరికేది. ముద్ర వేసినవాడు తన పని తాను చేశాడు. అమ్మాయి నిజం చెప్పింది. అధికారి న్యాయం మాట్లాడాడు. అంతమంది సవ్యంగా నడుచుకున్న దారి చివర ఒక మనిషికి ఊపిరి ఆడటం లేదు.

మే నెలలో నాగేంద్ర మరో కంపెనీ ఫారం పట్టుకుని సర్కండా ఇంటికి వచ్చాడు. ఎండకు అర్పాలో ఇసుక తెల్లగా మెరుస్తోంది. కుర్చీలో కూర్చుని, ముందు మజ్జిగ తాగి, తరువాత తల దించుకున్నాడు.

"ఆ రోజు టీ కొట్టు దగ్గర నాను చెప్పవలసింది బావా. ముద్ర చూసీసరికి నా నోరు పడిపోనాది."

"ఒరే, అదొగ్గీ. ఏటి తెచ్చేవు?"

నాగేంద్ర గొంతు తగ్గించాడు. ఈ ఫారంలో గుండె జబ్బు ఉందా అనే గడి ఉంటుంది. ఉందని రాస్తే ఊర్మిళ పేరు తీసుకోరు. తీసుకున్నా ఆ జబ్బుకు మూడేళ్ళు ఆగమంటారు. లేదని రాస్తే ఇస్తారు. రెండు మూడు నెలలు ఆగి, అప్పుడే కొత్తగా బయటపడినట్లు రాసిచ్చే డాక్టరు తనకు తెలుసు.

"అందరూ చేస్తారేటి ఇలాగ?"

"అందరూ చెయ్యరు బావా. నీలాగ ఇరుక్కుపోనోళ్ళు చేస్తారు."

శంకరరావు ఫారం తీసుకుని ఆ గడి దగ్గర వేలు పెట్టి చాలాసేపు చూశాడు. నాగేంద్ర వెళ్ళిపోయాక కూడా చూస్తూనే ఉన్నాడు. ఊర్మిళ వచ్చి ఎదురుగా కూర్చుంది.

"రాసీండి," అంది. "లేదని రాసీండి."

"ఉన్నదాన్ని లేదని ఎలాగ రాస్తాం?"

"లేనప్పుడు ఉన్నట్టు ఉండకూడదని అప్పుడు ఆపీసేరు. ఉన్నదాన్ని లేదనకూడదని ఇప్పుడూ ఆపీండి. మీ నీతంతా నా గుండెకాయ మీదేనేటండీ? ఇంకెక్కడా చోటు దొరకలేదా?"

ఆమె నవ్వుతూ మొదలుపెట్టిన మాట నవ్వుగా ముగియలేదు. సత్యానికి విలువ ఉందని నమ్మేవాడు, ఆ విలువ ఎవరు చెల్లిస్తున్నారని కూడా అడగాలి. శంకరరావు మొదటిసారి అడగలేదు. రెండోసారి అడిగాడు గాని, అడిగినంత మాత్రాన దారి తెరుచుకోలేదు.

"ఇల్లమ్మీద్దాం," అన్నాడు. టాంజానియాలో మిగిలినదంతా ఆ ఇంటి అప్పుకే పోయింది, ఇంకేమీ లేదు.

"అమ్మి? ఆపరేషనయ్యాక ఎక్కడ పడుకోమంటారు, నాలుగో నంబరు ప్లాట్‌ఫారం మీదా? పైగా మీ ఇంటి కాగితాలు కదలడానికే ఏడాది పడతాది."

అది నిజమే. స్థలం కాగితాలలో ఒక దిద్దుబాటు తహసీలు కార్యాలయంలో ఇంకా పెండింగులో ఉంది. రేషన్ కార్డు మీద దక్కే ప్రభుత్వ పథకంలో వాళ్ళ తరగతికి వచ్చేది ఈ ఆపరేషన్‌లో కొద్ది భాగానికి కూడా చాలదు.

అతను ఫారం పట్టుకుని, ఊర్మిళకు చెప్పకుండా, రాయ్‌పూర్ డాక్టరు దగ్గరకు వెళ్ళాడు. చుట్టూ తిప్పకుండా అడిగాడు. డాక్టరు తిట్టలేదు. ఈ కవాటాన్ని తెర మీద చూసిన ఏ వైద్యుడికైనా ఇది ముప్పై నలభై ఏళ్ళ నాటి గాయమని తెలిసిపోతుందని చెప్పాడు. కొత్తగా వచ్చిందని ఎవరు రాసిచ్చినా కంపెనీ విచారిస్తుంది, ఆపేస్తుంది. అప్పటికి ఈ ఏడాది కాస్తా అయిపోతుంది. ఆయన రాయ్‌పూర్‌లోని ప్రభుత్వ ఆసుపత్రి గుండె విభాగం పేరు చీటీ మీద రాసిచ్చాడు. అక్కడ బాగా చేస్తారని, అయితే వరస పెద్దదని అన్నాడు.

తిరుగు రైలు దిగి ఇంటికి వచ్చాక ఊర్మిళకు అంతా చెప్పాడు. ఆమె చివరిదాకా విని అడిగింది.

"అంటే, అబద్ధం పనికొచ్చేదైతే రాసీవారన్నమాట."

"ఏమో. రాసీవాణ్ణేమో."

"అదొక్కటి ముందే చెప్పవలసింది," అంది ఊర్మిళ. కొంగుతో ముఖం తుడుచుకుని, బియ్యం కడగడానికి లేచి వెళ్ళింది. ఆ మాటలో నిష్ఠూరం ఎంతో, ఊరట ఎంతో అతను తేల్చుకోలేకపోయాడు.

అందువల్ల అతను చేసినదాన్ని నిజాయితీ అని మెచ్చుకోవడానికి ఆధారం చాలదు. నిజాయితీ, గత్యంతరం లేకపోవడం ఒకే గుమ్మం లోంచి బయటికి వస్తే ఏది ముందు వచ్చిందో వచ్చినవాడికే తెలియకపోవచ్చు. జరిగినది మాత్రం చెప్పవచ్చు.

జూన్ రెండో వారంలో శంకరరావు ఆ ఫారాన్ని ఖాళీగా నాగేంద్రకు తిరిగి ఇచ్చేశాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఊర్మిళ పేరు నమోదు చేయించాడు. నవంబరు మూడో వారానికి తేదీ ఇచ్చారు. ఎమర్జెన్సీ కేసులు వస్తే ఆ తేదీ వెనక్కు పోవచ్చని ముందే చెప్పారు. సరేనని సంతకం చేశాడు. టాంజానియాకు రెండో విడత వెళ్తావా అని యంత్రాల కంపెనీ అడిగితే వెళ్ళనని రాశాడు. నెలకొకసారి పరీక్షకు ఊర్మిళను ఉదయం లోకల్‌లో రాయ్‌పూర్ తీసుకెళ్తున్నాడు. బిలాస్‌పూర్ స్టేషనులో వంతెన ఎక్కకుండా లిఫ్టు ఉన్న వైపు నుంచి తిప్పి తెస్తున్నాడు.

కొత్త పాలసీ సంగతి ఊర్మిళే ఎత్తింది. "మీకైనా ఉండనీండి. ఇద్దరం ఆ లైన్లోనే నిలబడితే పేరు పిలిచినప్పుడు పలికీవాడెవడు?" అంది. అతను రెండు రోజులు ఒప్పుకోలేదు. మూడో రోజు లింక్ రోడ్డు శాఖకే వెళ్ళి, తన ఒక్కడి పేరున పాలసీ తీసుకున్నాడు. ఏటా గడువుకు పది రోజుల ముందే బ్యాంకు నుంచి దానంతట అదే కట్టేలా శ్రీనిధి చేత పెట్టించాడు. ఊర్మిళ పేరు అందులో లేదు.